సీఎల్‌ఎల్ బీ కణాలు టీ కణాల సాయంతో యాంటీబాడీ చేస్తాయా? ల్యాబ్ వివరాలతో చర్చ

ఎచ్చెర్ల_బయోటెక్:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ సెమినార్‌కి క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా, అంటే సీఎల్‌ఎల్, తీసుకున్నాను. పాఠ్యపుస్తకంలో ఈ కణాలు పరిణతి మధ్యలో ఆగిపోయినవి, యాంటీబాడీ చెయ్యలేవు అని ఉంది. పేపర్లు చూస్తే, సరైన టీ కణాలు పక్కనుంటే ఇవే ప్లాస్మా కణాలుగా (యాంటీబాడీ స్రవించే పరిణత బీ కణాలుగా) మారి ఐజీఎం, ఐజీజీ అనే యాంటీబాడీ తరగతులను స్రవిస్తాయని ఉంది. దేన్ని నమ్మాలి? టీ కణం అసలు ఏం అందిస్తుంది? ల్యాబ్‌లో చూపించాలంటే ఏ వరుసలో చేస్తారు? దయచేసి అంకెలతో సహా చెప్పండి.

నాగావళి_హెమటాలజీ:
పేపర్ల మాటే నమ్మండి. రక్తంలో తిరిగే సీఎల్‌ఎల్ కణం మొద్దుబారి ఉంటుంది. దాని మీద ఐజీఎం, ఐజీడీ తక్కువ, బీ కణం గుర్తు అయిన సీడీ20 కూడా పల్చగానే ఉంటుంది. ఏదో ఒక యాంటిజెన్, చాలాసార్లు సొంత శరీరానిదే, గ్రాహకాన్ని ఆపకుండా తడుతూ ఉంటే కణం స్పందించడం మానేస్తుంది. దీన్ని అనర్జీ అంటాం. ఐజీహెచ్‌వీ (యాంటీబాడీ బరువు గొలుసు జన్యువు) వరుస జెర్మ్‌లైన్‌తో, అంటే పుట్టుకతో వచ్చిన మూల వరుసతో, 98 శాతం గానీ అంతకు మించి గానీ కలిస్తే అన్‌మ్యుటేటెడ్, అంతకు తగ్గితే మ్యుటేటెడ్. ఈ మొద్దుతనం మ్యుటేటెడ్ రకంలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక టీ కణం సంగతి. సీడీ4 టీ కణం ఉత్తేజితమైన కొన్ని గంటల్లో దాని పైపొర మీదికి సీడీ40 లైగాండ్ వస్తుంది. అది బీ కణం మీది సీడీ40ని పట్టుకోగానే లోపల ఎన్‌ఎఫ్ కప్పా-బీ దారి తెరుచుకుంటుంది. చావును అడ్డుకునే బీసీఎల్-ఎక్స్‌ఎల్, ఎంసీఎల్-1 ప్రోటీన్లు పెరుగుతాయి, కణం చావు తప్పించుకుంటుంది. ఇంతవరకు బతకడమే, పరిణతి ఇంకా రాలేదు. పరిణతికి సైటోకైన్, అంటే కణాల మధ్య సంకేతం మోసే ప్రోటీన్, తోడవ్వాలి. ఐఎల్-21 అనే సైటోకైన్ స్టాట్3 ద్వారా, ప్లాస్మా కణంగా మార్చే బ్లింప్-1ని లేపుతుంది, ఐఆర్‌ఎఫ్4 కూడా పైకి రావాలి. బ్లింప్-1 లేచాక, బీ కణం గుర్తింపును నిలిపే పాక్స్5 అణుగుతుంది, ఎక్స్‌బీపీ1 పని మొదలెట్టి ఎండోప్లాస్మిక్ రెటిక్యులాన్ని విస్తరిస్తుంది. ఆ తర్వాతే కణం యాంటీబాడీని బయటికి పోస్తుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఐఎల్-21ని ఒంటరిగా ఇస్తే సీఎల్‌ఎల్ కణాలు చాలావరకు చచ్చిపోతాయి, బిమ్ అనే ప్రోటీన్ పెరగడం వల్ల. సీడీ40 సంకేతంతో కలిపి ఇచ్చినప్పుడే విభజన, పరిణతి కనిపిస్తాయి. అందుకే సైటోకైన్ ఒక్కటే పోసి "పని చెయ్యలేదు" అనుకోకూడదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1978లోనే ఫూ, కియొరాజి, కుంకెల్ బృందం ల్యుకేమియా బీ కణాలకు వేరే వాళ్ల టీ కణాలు తోడిచ్చి, అవి ప్లాస్మా కణాలై ఇమ్యునోగ్లోబ్యులిన్ చేస్తాయని చూపించింది. 2011లో రోగి కణాలను ఎన్‌ఎస్‌జీ (సొంత రోగనిరోధకత లేని) ఎలుకలకు ఎక్కించి చూస్తే, టీ కణాలు లేకుండా క్లోన్, అంటే ఒకే కణం నుంచి పుట్టిన ల్యుకేమియా కణాల గుంపు, పెరగలేదు. 2016లో కియొరాజి వర్గమే రోగి సొంత టీ కణాలను ముందుగా ఉత్తేజపరిచి సీఎల్‌ఎల్ కణాలతో పాటు ఎక్కించింది. కణాలు విభజన చెందాయి, ఐజీ తరగతి మార్చుకున్నాయి, ఐజీహెచ్‌వీలో కొత్త మ్యుటేషన్లు తెచ్చుకున్నాయి, చివరికి యాంటీబాడీ స్రవించే కణాలయ్యాయి. మ్యుటేటెడ్, అన్‌మ్యుటేటెడ్ రెండు రకాల్లోనూ ఇది జరిగింది. అంటే పరిణతికి పడిన అడ్డు కణంలో పుట్టుకతో వచ్చింది కాదు, చుట్టూ ఉన్న పరిసరం వేసింది.

కోటజంక్షన్_ల్యాబ్:
బావుంది మాస్టారూ. మరి పేషెంట్ ఒంట్లో కూడా టీ కణాలుంటాయి కదండీ. కౌంట్ చూస్తే ఒక్కోసారి మామూలు కన్నా ఎక్కువే ఉంటాయి. అవెందుకు ఆ సాయం చెయ్యవు? ఏటి తేడా?

నాగావళి_హెమటాలజీ:
మంచి ప్రశ్న. కౌంట్ పెరిగినా పనితనం తగ్గిపోతుంది. సీఎల్‌ఎల్ టీ కణాల మీద పీడీ-1, సీడీ160, సీడీ244 లాంటి అలసట గుర్తులు పెరుగుతాయి. బీ కణంతో ముఖాముఖి అతుక్కునే చోట ఆక్టిన్ సరిగా కూడుకోదు, సినాప్స్ బలహీనంగా ఏర్పడుతుంది. 1997లో కిప్స్ బృందం ఇంకోటి చూపించింది: ల్యుకేమియా కణాల గుంపులో ఉన్న టీ కణం మీద సీడీ40 లైగాండ్ పడిపోతుంది. బీ కణాల మీది సీడీ40 దాన్ని లాగేసుకుంటుంది. కోట్ల బీ కణాల మధ్య ఒక్క టీ కణం ఉంటే దాని గతి ఊహించండి.

దానికి తోడు చోటు కూడా ముఖ్యం. రక్తంలో ఈ రెండు కణాలూ కలిసేదే తక్కువ. లింఫ్ నోడ్‌లో ప్రొలిఫరేషన్ సెంటర్లలో మాత్రం సీడీ40 లైగాండ్ ఉన్న సీడీ4 కణాలు సీఎల్‌ఎల్ కణాల పక్కనే ఉంటాయి. విభజన అక్కడే జరుగుతుంది. 2005లో భారజలంతో కొలిస్తే రోజుకు క్లోన్‌లో 0.1 నుంచి 1 శాతం పైదాకా కొత్త కణాలు పుడుతున్నాయని తేలింది. సీఎల్‌ఎల్ చావని కణాల పోగు మాత్రమే అనే పాత అభిప్రాయం దాంతో పోయింది.

వంశధార_కల్చర్:
కల్చర్ వరుస నేను రాస్తాను. ఏ మెట్టులో ఏది చెడుతుందో కూడా కలిపే రాస్తున్నాను, ఎందుకంటే ప్రోటోకాల్ కాగితంలో అది ఉండదు.

రక్తం హెపారిన్ గొట్టంలో తీసుకుని, అంతే పరిమాణం పీబీఎస్ కలిపి, 1.077 సాంద్రత ఫైకాల్ (రక్తకణాలను సాంద్రతను బట్టి వేరుచేసే ద్రవం) మీద గోడ వెంబడి మెల్లగా వదలాలి. 400 జీ, 30 నిమిషాలు, 20 డిగ్రీలు, బ్రేక్ పూర్తిగా ఆఫ్. బ్రేక్ ఉంచితే మధ్య పొర చెదిరి ఫైకాల్‌లో కలిసిపోతుంది. సీఎల్‌ఎల్ కణం చాలా పెళుసు. స్లైడ్ మీద స్మడ్జ్ కణాలు (నలిగి చెదిరినవి) కనిపించేది అందుకే. సన్నని మొనతో గట్టిగా పైకీ కిందకీ లాగితే ట్రిపాన్ బ్లూ కౌంట్‌లోనే బతికినవి తగ్గిపోతాయి. వెడల్పాటి మొన వాడండి.

టీ కణాల దిగుబడి ముందే లెక్క వేసుకోవాలి. లింఫోసైట్లు మైక్రోలీటరుకు లక్ష ఉంటే 10 మి.లీ. రక్తంలో 100 కోట్లు ఉంటాయి. అందులో టీ కణాలు 3 శాతం అనుకుంటే 3 కోట్లే. వేరు చెయ్యడంలో సగం పోతే కోటిన్నర మిగులుతుంది. ఎన్ని బావులకు (కల్చర్ ప్లేట్‌లోని గుంటలకు) సరిపోతుందో అప్పుడు చూసుకోండి, కంట్రోల్ బావులకు కూడా కలిపి.

టీ కణాలను నెగటివ్ పద్ధతిలోనే తియ్యాలి, అంటే మిగతా కణాలను పూసలకు అంటించి తీసేసి టీ కణాలను తాకకుండా వదలాలి. సీడీ3 పూసతో నేరుగా పట్టుకుంటే అది ఒక సంకేతంగా పని చేస్తుంది. అప్పుడు "ఉత్తేజపరచని టీ కణాలు" అనే కంట్రోల్‌కి అర్థం ఉండదు. బీ కణాల సముద్రంలోంచి తీస్తున్నాం కనక సీడీ19 తొలగింపు రెండుసార్లు చెయ్యడం మేలు. ఆఖరున ఫ్లోలో (ఫ్లో సైటోమెట్రీ, కణాలను గుర్తులను బట్టి లెక్కించే పద్ధతి) సీడీ19 ఒక శాతం లోపు ఉండాలి.

ఉత్తేజం: ఆర్‌పీఎమ్ఐ 1640, 10 శాతం ఎఫ్‌బీఎస్, 2 మిల్లీమోలార్ గ్లుటమిన్, పెనిసిలిన్-స్ట్రెప్టోమైసిన్. సీడీ3/సీడీ28 పూసలు కణానికి ఒకటి చొప్పున, ఐఎల్-2 మి.లీ.కు 30 యూనిట్లు, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 3 రోజులు. తర్వాత మ్యాగ్నెట్‌తో పూసలు తీసెయ్యాలి. పూసలు మిగిలితే టీ కణాలు అదుపు లేకుండా పెరిగి, వారం తిరిగేసరికి బావిలో బీ కణం వెతికినా దొరకదు. టీ సంఖ్య అలాగే నిలపాలంటే 25–30 గ్రే రేడియేషన్ ఇచ్చి కలపొచ్చు. విభజన ఆగుతుంది గానీ సాయం అందుతుంది.

కలిపి పెంచడం: బీ కణాలు మి.లీ.కు 10 లక్షలు, గుండ్రటి అడుగున్న 96 బావుల ప్లేట్. చదునైన అడుగు వద్దు, కణాలు దూరదూరంగా పడితే తాకిడి తగ్గుతుంది. టీ కణాలు బీకి సమానంగా ఒక వరుస, ఐదో వంతు ఒక వరుస వేసి పోల్చండి. మూడు రోజులకోసారి సగం మీడియం మార్చాలి. యాంటీబాడీకి 7 నుంచి 10 రోజులు ఆగాలి. నాలుగో రోజు తీసి "ఏం లేదు" అనుకోవద్దు, అప్పటికి విభజన మాత్రమే ఉంటుంది.

విభజన చూడాలంటే బీ కణాలకు ముందే సీఎఫ్‌ఎస్‌ఈ (ప్రతి విభజనకీ సగమయ్యే రంగు) పట్టించాలి: 1 మైక్రోమోలార్, 10 నిమిషాలు, తర్వాత ఐదింతలు చల్లని సీరం మీడియంతో ఆపెయ్యాలి. ఎక్కువ గాఢత వాడితే రంగు బాగా వస్తుంది గానీ కణాలు చస్తాయి.

ఎచ్చెర్ల_బయోటెక్:
చాలా థ్యాంక్స్ మాస్టారూ. కంట్రోల్స్ ఏవేవి పెట్టాలి? ఎలైజాలో (ద్రావణంలో యాంటీబాడీని కొలిచే పరీక్ష) ఐజీఎం వస్తే చాలా, ఇంకేమైనా రుజువు కావాలా?

వంశధార_కల్చర్:
ఐజీఎం రావడం ఒక్కటే రుజువు కాదు. చచ్చే కణం పైపొర నుంచి ఊడిన ఐజీఎం కూడా ఎలైజాలో చదువుతుంది. సీఎల్‌ఎల్ కణాలు ఒంటరిగా కల్చర్‌లో పెడితే రోజుల్లోనే వాటంతటవే చస్తాయి కనక ఆ "బీ మాత్రమే" బావిలో కూడా కొంత ఐజీఎం కనిపిస్తుంది. అందుకే సున్నా గంట నమూనా ఉంచాలి, ఒక బావిలో ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ వెయ్యాలి. కొత్తగా తయారవుతున్న ప్రోటీన్ అయితే అక్కడ ఆగిపోతుంది, ఊడిపోయింది అయితే అలాగే ఉంటుంది.

మిగతా బావులు: టీ మాత్రమే, బీ + విశ్రాంతి టీ, బీ + ఉత్తేజిత టీ, అదే దానికి సీడీ40 లైగాండ్‌ని అడ్డుకునే యాంటీబాడీ, అదే దానికి మధ్యలో 0.4 మైక్రాన్ జల్లెడ. జల్లెడ పెట్టగానే స్రావం పడిపోతే కణం-కణం తాకిడి కావాలన్నమాట. జల్లెడ ఉన్నా కొంత మిగిలితే సైటోకైన్ వాటా అది. సీఎల్‌ఎల్‌లో ఈ రెంటినీ విడివిడిగా చూడకపోతే తీర్మానం గాలిలో ఉంటుంది. ఇంకొకటి, ఎలైజా యాంటీబాడీ ఎఫ్‌బీఎస్‌లోని ఆవు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ని పట్టుకోకుండా చూసుకోవాలి. ఖాళీ మీడియం బావి లేని ఎలైజాని నేను లెక్కలోకి తీసుకోను.

నెల్లిమర్ల_ఫ్లో:
ఫ్లో సంగతి నేను చెబుతాను. పై ప్రయోగం ఫెయిల్ అయిందని చాలామంది అనుకునేది ఇక్కడే.

అలవాటు కొద్దీ సీడీ5, సీడీ19 రెండూ ఉన్న కణాల చుట్టూ గేట్ గీస్తాం. సీఎల్‌ఎల్ అంటే అదే కదా. కానీ పరిణతి చెందిన కణం సీడీ5 వదిలేస్తుంది, సీడీ20 పోగొట్టుకుంటుంది, సీడీ19 పల్చబడుతుంది. ఎలుక ప్రయోగంలో కూడా సీడీ5, సీడీ19 కణాలు వారాల్లో దాదాపు మాయమయ్యాయి, కొంతవరకు కారణం అవి ప్లాస్మా కణాలుగా మారడమే. పాత గేట్‌తో చూస్తే "టీ కణాలు ల్యుకేమియాని చంపేశాయి" అని అర్థమవుతుంది. కాబట్టి ముందు బతికిన కణాలు, తర్వాత సీడీ3 లేనివి, ఆపైన ప్లాస్మా కణం గుర్తులైన సీడీ38 బాగా ఉండి సీడీ138 వచ్చినవి. కణం లోపలి కప్పా, లాంబ్డా (యాంటీబాడీ తేలిక గొలుసు రకాలు, ఒక క్లోన్ ఒక్కటే చేస్తుంది) కూడా వేసుకోండి.

టీ కణం మీద కూడా సీడీ5 ఉంటుందని మర్చిపోవద్దు. టీ-బీ అతుక్కున్న జంట, సీడీ3, సీడీ19 రెండూ ఉన్న ఒకే కణంలా కనబడుతుంది. ఏరియా-హైట్ ప్లాట్‌లో జంటలను తీసెయ్యకుండా ముందుకు పోతే అంకెలన్నీ వంకరే. సీడీ138 తాజా నమూనాలోనే చూడాలి. ఆలస్యమైతే ఊడిపోతుంది, ఫ్రీజ్ చేసి కరిగిస్తే ఇంకా తగ్గుతుంది.

ఇక అసలు ప్రమాదం మామూలు బీ కణాలు. నమూనాలో ఒక్క శాతం ఆరోగ్యమైన మెమరీ బీ కణాలున్నా అవి టీ సాయానికి వెంటనే స్పందించి ఐజీజీ కుమ్మరిస్తాయి. దాన్ని ల్యుకేమియా ఖాతాలో వెయ్యకూడదు. క్లోన్ కప్పా అయితే ద్రావణంలో లాంబ్డా కనబడకూడదు. కనబడిందంటే మామూలు కణాల పనే. పక్కా రుజువు కావాలంటే సీడీ138 కణాలను సార్ట్ చేసి, వాటి వీడీజే (యాంటీబాడీ జన్యువు) వరుసలో సీడీఆర్3, అంటే ఒక్కో క్లోన్‌కి వేలిముద్ర లాంటి భాగం, రోగి క్లోన్‌తో కలుస్తోందో లేదో చూడాలి. ఐజీజీ ఆర్‌ఎన్‌ఏలో అదే సీడీఆర్3 దొరికితే తరగతి మార్పిడి జరిగినట్టు.

కల్చర్ రెండు మూడు వారాలు సాగితే ఎప్‌స్టీన్-బార్ వైరస్ మోసే మామూలు బీ కణాలు పెరిగి ప్లేట్ నిండుతుంది. గుత్తులు గుత్తులుగా కనబడే ఆ కణాలు సీఎల్‌ఎల్ అనుకోకండి.

ఎచ్చెర్ల_బయోటెక్:
సాయం చేసేవి టీఎఫ్‌హెచ్ (ఫాలిక్యులర్ హెల్పర్ టీ) కణాలే అయ్యుండాలి కదా? జెర్మినల్ సెంటర్ (లింఫ్ నోడ్‌లో బీ కణాలు పరిణతి చెందే చోటు) పాఠం అంతా వాటి గురించే. బీసీఎల్-6 కూడా చూడాలా?

నాగావళి_హెమటాలజీ:
2016 ఫలితంలో విశేషం అదే. సాయం చేసిన టీ కణాలు టీ-బెట్ ఉన్న టీహెచ్1 తరహావి, సంప్రదాయ టీఎఫ్‌హెచ్ కాదు. ల్యుకేమియా కణాల్లో ఏఐడీ (యాంటీబాడీ జన్యువుల్లో మ్యుటేషన్లు, తరగతి మార్పిడి తెచ్చే ఎంజైమ్) పని చేసింది, ఐఆర్‌ఎఫ్4, బ్లింప్-1 లేచాయి, కానీ మామూలు జెర్మినల్ సెంటర్‌లో ఉండాల్సిన బీసీఎల్-6 చెప్పుకోదగ్గంత రాలేదు. అందుకని బీసీఎల్-6 కోసం వెతికి, లేకపోతే "పరిణతి లేదు" అని రాయకండి. ఇంటర్‌ఫెరాన్-గామా, ఐఎల్-21 రెండూ ద్రావణంలో కొలవండి. టీహెచ్1 వైపు తిప్పాలంటే ఉత్తేజ దశలోనే ఐఎల్-12ని, దాంతో పాటు ఐఎల్-4ని అడ్డుకునే యాంటీబాడీని కలుపుతారు.

ఏఐడీ లేవడం మంచి వార్త మాత్రమే అనుకోకండి. అదే ఎంజైమ్ ఇతర జన్యువుల్లో కూడా దెబ్బలు వేస్తుంది. లింఫ్ నోడ్‌లో క్లోన్ కొత్త రూపాలు తెచ్చుకోవడానికి అదొక దారి. సీడీ40 సంకేతం వల్ల పెరిగే బీసీఎల్-ఎక్స్‌ఎల్, ఎంసీఎల్-1 వెనెటోక్లాక్స్ అనే సీఎల్‌ఎల్ మందుని తట్టుకునేలా కూడా చేస్తాయి, ఎందుకంటే ఆ మందు పట్టుకునేది బీసీఎల్-2ని. రక్తంలో కణాలు చచ్చినా నోడ్‌లో మిగలడానికి ఒక కారణం ఇది. "టీ కణాలు పెంచుకుంటే సీఎల్‌ఎల్ పోతుంది" అంటూ వాట్సాప్‌లో తిరిగే సలహాలు అందుకే అపాయం.

కోటజంక్షన్_ల్యాబ్:
నమూనా రవాణా గురించి ఒక మాట. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి ఫ్లో శాంపిల్ విశాఖ పంపేటప్పుడు చాలా చోట్ల ఐస్‌ప్యాక్ మీదే పెట్టేస్తున్నారు. రోహిణి కార్తెలో భయం సహజమే గానీ, ఐస్‌కి ఆనితే కణాలు పాడవుతాయి. 18–25 డిగ్రీలు చాలు. థర్మోకోల్ డబ్బా, లోపల గది ఉష్ణోగ్రత జెల్ ప్యాక్, మధ్యలో గుడ్డ. ఇమ్యునోఫీనోటైపింగ్‌కి (ఫ్లోలో కణాల గుర్తులు చూడడానికి) ఈడీటీఏ గొట్టం, ఆ రోజే చేరితే మంచిది, 48 గంటలు దాటనివ్వొద్దు. క్రోమోజోమ్ పరీక్షకి మాత్రం ఈడీటీఏ వద్దు, హెపారిన్. అక్కడ డీఎస్‌పీ30, ఐఎల్-2 వేసి 72 గంటలు పెంచితేనే సీఎల్‌ఎల్ కణం విభజనకి వస్తుంది. కణం బతికి చేరకపోతే మెటాఫేజ్‌లు (క్రోమోజోములు విడిగా కనబడే విభజన దశ కణాలు) దొరకవు. బండి డిక్కీలో ఎండకి మాత్రం పెట్టకండి బాబూ.

ఉద్దానం_నెఫ్రో:
యాంటీబాడీ మాట వచ్చింది కనక ఒక క్లినికల్ సంగతి కలుపుతాను. క్లోన్‌కి పరిణతి సామర్థ్యం ఉన్నా, పేషెంట్‌లో జరిగేది మాత్రం మామూలు యాంటీబాడీలు తగ్గిపోవడమే. మామూలు బీ కణాలకి చోటూ, సాయం రెండూ తగ్గుతాయి. ఐజీజీ డెసిలీటరుకు 400–500 మి.గ్రా. కంటే తగ్గి, మళ్లీ మళ్లీ గట్టి బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు వస్తే ఐవీఐజీ (దాతల యాంటీబాడీలను నరానికి ఎక్కించడం) ఆలోచిస్తారు, కిలోకి 0.4 గ్రాములు, మూడు నాలుగు వారాలకోసారి. సంఖ్య ఒక్కటే చూసి మొదలెట్టరు.

కవిటి, సోంపేట, కంచిలి వైపు పేషెంటైతే ముందు క్రియాటినిన్ చూడండి. సుక్రోజ్ కలిసిన ఐవీఐజీ కిడ్నీ గొట్టాలను దెబ్బతీస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు బయటికి తెలియకుండా ఉన్నవాళ్లు ఎక్కువ. సుక్రోజ్ లేని తయారీ అడగాలి, ఒంట్లో నీరు తగ్గకుండా చూడాలి, నెమ్మదిగా ఎక్కించాలి.

ఫ్రీ లైట్ చైన్ రిపోర్టు చదివేటప్పుడు కూడా జాగ్రత్త. కప్పా-లాంబ్డా నిష్పత్తి మామూలుగా 0.26 నుంచి 1.65. కిడ్నీ పని తగ్గినప్పుడు 0.37 నుంచి 3.1 దాకా ఉండొచ్చు. 2.4 చూసి క్లోన్ స్రవిస్తోందని రాసేస్తే, ఉద్దానం పేషెంట్‌లో అది తప్పు రిపోర్టు అవుతుంది.

కోటజంక్షన్_ల్యాబ్:
సార్, సీఎల్‌ఎల్ పేషెంట్‌కి కూంబ్స్ (ఎర్రకణాల మీద యాంటీబాడీ ఉందో చూసే పరీక్ష) పాజిటివ్ వస్తే ఆ యాంటీబాడీ ల్యుకేమియా కణానిదేనా?

నాగావళి_హెమటాలజీ:
సాధారణంగా కాదు. వెచ్చని రకం హీమోలైసిస్‌లో (ఎర్రకణాలు పగిలిపోవడంలో) ఎర్రకణాల మీది ఐజీజీ పాలీక్లోనల్, అంటే పలు క్లోన్లది, మిగిలిన మామూలు బీ కణాలు చేసింది. ల్యుకేమియా కణాలు యాంటిజెన్‌ని చూపించి టీ కణాలను తప్పుదోవ పట్టిస్తాయని ఒక వివరణ. చల్లని అగ్లుటినిన్ (చల్లదనంలో ఎర్రకణాలను ముద్దకట్టించే యాంటీబాడీ) ఐజీఎం అయితే కొన్నిసార్లు క్లోన్‌దే కావచ్చు. సీరం ఎలెక్ట్రోఫోరెసిస్‌లో చిన్న గీత సీఎల్‌ఎల్‌లో వింత కాదు, ఇమ్యునోఫిక్సేషన్‌లో అది క్లోన్ లైట్ చైన్‌తో కలవాలి. ఐజీఎం గీత పెద్దగా ఉంటే సీఎల్‌ఎల్ అని సర్దుకుపోకుండా సీడీ23, మాట్యుటెస్ స్కోరు (గుర్తులను బట్టి సీఎల్‌ఎల్‌ని నిర్ధారించే స్కోరు) మళ్లీ చూడండి, ఎంవైడీ88 ఎల్265పీ మ్యుటేషన్ పరీక్ష కూడా అడగండి. లింఫోప్లాస్మసైటిక్ లింఫోమా అయ్యుండొచ్చు.

ఎచ్చెర్ల_బయోటెక్:
ఎలుకలు, రేడియేషన్ మా దగ్గర లేవు. చిన్నగా మొదలెట్టాలంటే ఎలా?

వంశధార_కల్చర్:
టీ కణం బదులు దాని సంకేతాలే ఇవ్వండి. మల్టిమర్ రూపంలోని సీడీ40 లైగాండ్, ఐఎల్-21, ఐఎల్-2. లైగాండ్ మోనోమర్ కొంటే డబ్బు వృథా. సీడీ40ని గుచ్చంగా పట్టుకోకపోతే సంకేతం సరిగా రాదు. నాలుగు బావులు చాలు: ఏమీ లేనిది, లైగాండ్ మాత్రమే, ఐఎల్-21 మాత్రమే, అన్నీ కలిపి. మూడో రోజు అనెక్సిన్ (చస్తున్న కణాలను గుర్తించే రంగు), ఎనిమిదో రోజు సీడీ38, సీడీ138, ద్రావణంలో కప్పా, లాంబ్డా విడివిడిగా. ఐఎల్-21 బావిలో చావు పెరిగి, కలిపిన బావిలో తగ్గితే మీ రియేజెంట్లు పని చేస్తున్నట్టే.

మిగిలిన కణాలు 10 శాతం డీఎంఎస్‌ఓ, 90 శాతం ఎఫ్‌బీఎస్‌లో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లార్చి దాచండి. కరిగించేటప్పుడు 37 డిగ్రీల్లో చిన్న మంచు ముక్క మిగిలి ఉండగానే తీసి, వెచ్చని మీడియం చుక్కచుక్కగా కలపాలి. ఒక్కసారి పోస్తే సీఎల్‌ఎల్ కణాలు పగిలి, బయటపడ్డ డీఎన్‌ఏ జిగురుగా ముద్దకట్టేస్తుంది. అలా ముద్దకడితే డీఎన్‌ఏజ్ వేసి 40 మైక్రాన్ జల్లెడలో వడకట్టి, మళ్లీ కౌంట్ తీసుకున్నాకే ప్లేట్ వెయ్యండి. రిపోర్టులో కరిగించాక బతికిన శాతం కూడా రాయండి. అది 80 లోపు ఉంటే ఆ నమూనాతో ఈ ప్రయోగం వద్దు.